హిట్టైట్ మాటకు మూలం వెతకాలంటే ఏ నిఘంటువు తెరవాలి?

హిట్టైట్ భాషలో 'అత్తస్' అంటే తండ్రి, 'అన్నస్' అంటే తల్లి. దానికి తోబుట్టువైన లువియన్‌లో తండ్రిని 'తాతిస్' అంటారు. ఈ మూడు మాటలు కంటపడగానే తెలుగువాళ్లం ఆగిపోతాం. అత్త, అన్న, తాత మనింటి మాటలే కదా, మూడు వేల ఏళ్లకు పైబడిన టర్కీ మట్టి పలకల మీదికి ఎలా వెళ్లాయి అని ఆశ్చర్యపోతాం. ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. అడగడంలో తప్పు లేదు, అసలు భాషాశాస్త్రం మీద ఇష్టం మొదలయ్యేదే ఇలాంటి చోట. కానీ జవాబు మాత్రం మనం ఆశించేది కాదు. పాత జర్మానిక్ భాష గోథిక్‌లోనూ 'అత్తా' అంటే తండ్రే. నేటి టర్కిష్‌లో తల్లి 'అన్నె', తండ్రి లేదా పూర్వీకుడు 'అతా'. పసిపిల్లల నోట తేలిగ్గా పలికే మాటలు కాబట్టి ఇవి ఎన్నో భాషల్లో వాటంతట అవే పుట్టాయి. వాటితో చుట్టరికం కలపలేం.

ఈ సంగతి తేల్చుకోవడానికి ఏదో ఒక నిఘంటువు తెరవాలి. ఆ 'ఏదో ఒకటి' ఏదన్న దగ్గరే చాలామంది దారి తప్పుతారు. అనటోలియా, అంటే నేటి టర్కీ ప్రాంతపు పాత భాషలకు నిఘంటువులు చాలానే ఉన్నాయి. ఒకటి అర్థం చెబుతుంది, ఒకటి మూలం చెబుతుంది, ఇంకొకటి మూలం గురించి నూరేళ్లుగా జరిగిన వాదాలన్నీ చెబుతుంది. మీ ప్రశ్న ఎలాంటిదో చూసుకుని పుస్తకం ఎంచుకోవాలి. పేరున్న పుస్తకం కదా అని ఒక్కదాన్నే పట్టుకుంటే మోసపోతాం.

ముందుగా కొంచెం నేపథ్యం. హిట్టైట్ల రాజధాని హత్తుస. నేటి టర్కీలో చోరుమ్ ప్రాంతంలోని బొగాజ్‌కలే ఊరి పక్కన ఉంది. 1906లో హ్యూగో వింక్లర్, తెయోడోర్ మక్రిది అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా దొరికిన మట్టి పలకలు, వాటి ముక్కలు కలిపి సుమారు 30,000. పలకల మీది మేకుల ఆకారపు క్యూనిఫాం లిపి అప్పటికే చదవగలిగేవారు, భాష మాత్రం అంతుపట్టలేదు. 1915లో చెక్ పండితుడు బెద్రిచ్ హ్రోజ్నీ ఒక్క వాక్యంతో తలుపు తీశాడు: 'ను నిండ-అన్ ఎత్సత్తేని, వాతర్-మ ఎకుత్తేని'. ఇందులో 'నిండ' రొట్టెకు సుమేరు గుర్తు, అది ముందే తెలుసు. రొట్టె ఉన్నచోట తినడం ఉంటుంది కదా. 'ఎత్సత్తేని'లో ఉన్నది సంస్కృతంలో 'అద్' ధాతువుకు, లాటిన్ 'ఎదో'కు చుట్టం. 'వాతర్' అంటే ఇంగ్లిషువాళ్ల వాటర్, మన ఉదకానికి మూలమైన సంస్కృత 'ఉదన్'కు దగ్గరిది. "ఇప్పుడు మీరు రొట్టె తింటారు, నీళ్లు తాగుతారు." అలా హిట్టైట్ ఇండో యూరోపియన్ భాష అని, అంటే సంస్కృతం, లాటిన్, ఇంగ్లిషుల కుటుంబానిదని తేలింది.

ఆ వాక్యంలో చివరి మాట 'ఎకుత్తేని' సంగతి ఇంకా చెప్పలేదు. నిఘంటువుల తేడా చూపడానికి ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు, కాసేపట్లో అక్కడికే వద్దాం.

ప్రధానమైన నాలుగు

అల్విన్ క్లూక్‌హోర్స్ట్ హిట్టైట్ వ్యుత్పత్తి నిఘంటువు 2008లో బ్రిల్ సంస్థ వేసింది. వెయ్యి పేజీలు దాటిన ఒకే సంపుటం, అక్షరాలన్నీ పూర్తయ్యాయి. దీనికి ముందు రూపం 2007లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథం. అది ఆ విశ్వవిద్యాలయం సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొనలేని విద్యార్థికి ఇది పెద్ద వరం. ప్రతి మాట కిందా అది ఏ కాలపు పలకల్లో ఏ స్పెల్లింగ్‌తో ఉందో చూపిస్తాడు. పాత లిపిలోదా, మధ్యకాలానిదా, కొత్తదా అన్నది గుర్తు పెట్టి ఉంటుంది. తర్వాత తోబుట్టువు భాషల రూపాలు, ఆపై మూల రూపం, చివర వాదన. ధ్వని మార్పుల మీద ఆయన పట్టు గట్టిది, తీర్పు కూడా ఖచ్చితంగా చెబుతాడు. ఆ ఖచ్చితత్వమే ఒక్కోసారి ఇబ్బంది. లైడెన్ బడి పద్ధతి మిగతావాళ్లందరూ ఒప్పుకున్నది కాదు. మూలభాషలో, అంటే ఈ కుటుంబానికంతా తల్లి అయిన, రాతలో దొరకని భాషలో 'అ' అనే స్వరమే విడిగా లేదనడం లాంటివి వాళ్ల ప్రత్యేక అభిప్రాయాలు. ఆయన ఇచ్చిన మూల రూపాన్ని 'పండితుల నిర్ణయం' అని రాసేస్తే తప్పవుతుంది. 'క్లూక్‌హోర్స్ట్ ప్రకారం' అని రాయాలి.

జాన్ పుహ్వెల్ ఎస్టోనియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పండితుడు. ఆయన హిట్టైట్ వ్యుత్పత్తి నిఘంటువు మొదటి సంపుటాలు 1984లో వచ్చాయి. అక్షరాల వరుసలో సంపుటం తర్వాత సంపుటంగా దశాబ్దాలపాటు సాగి ఎస్ అక్షరం దాకా చేరింది. నాకు మనసుకు దగ్గరైన పుస్తకం ఇదే. మాట పలకల మీద ఎక్కడెక్కడ ఉందో వాక్యాలతో సహా, అనువాదంతో సహా ఇస్తాడు. ఆ వాక్యాలు చదువుతుంటే రాజు పండగకు వెళ్లడం, పూజారి రొట్టె విరవడం, ఇల్లు శుభ్రం చేయడం కళ్లకు కడతాయి. చివర మూలం గురించి ఎవరు ఎప్పుడు ఏమన్నారో ఒకచోట చేర్చుతాడు. కష్టమేమిటంటే మూలభాషలోని కంఠ్య ధ్వనులకు ఆయన సొంత గుర్తులు వాడతాడు, మిగతా పుస్తకాలతో సరిపోల్చాలంటే మొదట్లో టెన్షన్ వస్తుంది. ధర కూడా ఎక్కువే. పెద్ద విశ్వవిద్యాలయ లైబ్రరీలో అడిగి చూడటం మేలు.

యొహాన్ తిష్లర్ 1977 నుంచి ఇన్స్‌బ్రుక్‌లో భాగాలు భాగాలుగా వేసిన వ్యుత్పత్తి పదకోశం జర్మన్‌లో ఉంటుంది. జర్మన్ వచ్చినవాళ్లు దీన్ని వదలకూడదు. పాత ప్రతిపాదనల చిట్టా ఇంత శ్రద్ధగా ఇచ్చినవాళ్లు తక్కువ. జర్మన్ రానివాళ్లకు దీని అవసరం ఎక్కడ పడుతుందో తర్వాత చెబుతాను.

ఇక షికాగో హిట్టైట్ నిఘంటువు. హాన్స్ గూటర్‌బాక్, హ్యారీ హాఫ్నర్ 1975లో మొదలుపెట్టారు. సంపుటాల పీడీఎఫ్‌లు ఉచితం. దీనిలో మూలాలు ఉండవు, అర్థాలు మాత్రమే ఉంటాయి. అంతేకాదు, ఇది ఎల్ అక్షరంతో మొదలవుతుంది. అప్పటికే మ్యూనిక్‌లో ఎ నుంచి ఇంకో నిఘంటువు నడుస్తుండటంతో వీళ్లు మధ్యలో అందుకున్నారు. మూలం చెప్పని నిఘంటువు మనకెందుకు అనుకోవద్దు. మాటకు అర్థం తప్పుగా తీసుకుంటే దానికి కట్టిన మూలం కూడా తప్పే. 'లామన్' అనే హిట్టైట్ మాట చూడండి. అంటే పేరు. షికాగో నిఘంటువులో అది ఏ సందర్భాల్లో వచ్చిందో వివరంగా ఉంటుంది. ఆ తర్వాత క్లూక్‌హోర్స్ట్‌కో పుహ్వెల్‌కో వెళితే, అది సంస్కృత 'నామన్', లాటిన్ 'నోమెన్'ల తోబుట్టువని, ఒకే మాటలో రెండు నాసికాలు పడటంతో మొదటిది 'ల'గా మారిందని తెలుస్తుంది. 'నేపిస్' అంటే ఆకాశం, సంస్కృత 'నభస్'కు జ్ఞాతి. ఎల్, ఎం, ఎన్, పి, ఎస్ అక్షరాల మాటైతే ముందు షికాగోలో అర్థం చూసుకుని తర్వాత మూలానికి వెళ్లండి. అదే నా పద్ధతి.

మాటను ఏ అక్షరం కింద వెతకాలి

కొత్తవాళ్లు విసిగిపోయేది ఇక్కడే. హిట్టైట్ నిఘంటువుల్లో గ విడిగా ఉండదు, క కింద కలిసిపోతుంది. బ ప కింద, ద త కింద. రాయసగాళ్లు ఆ గుర్తుల మధ్య తేడాను పట్టించుకోలేదు కాబట్టి నిఘంటువులూ కలిపేశాయి. తమిళ అక్షరాలు కాస్త తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. 'పకల్' అని రాసి 'పగల్' అని చదువుతారు, మన పగలే అది. 'పక్కమ్' అని రెండు క్‌లు రాస్తే మాత్రం క్క అనే పలుకుతారు.

హిట్టైట్‌లోనూ దాదాపు ఇదే సూత్రం. రెండు అచ్చుల మధ్య హల్లును రెండుసార్లు రాస్తే అది మూలభాషలోని క, త, ప లాంటి పరుషం. ఒక్కసారే రాస్తే గ, ద, బ లాంటి సరళం, లేదా ఘ, ధ, భ లాంటిది. అమెరికా పండితుడు ఎడ్గర్ స్టర్టెవంట్ 1930ల్లో దీన్ని గట్టిగా నిరూపించాడు, అందుకే ఆయన పేరుతో పిలుస్తారు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే సగం తప్పుడు మూలాలను మనమే పక్కన పెట్టేయొచ్చు.

ఇప్పుడు 'ఎకు' దగ్గరికి వద్దాం. తాగు అని అర్థం. దీన్ని లాటిన్ 'ఆక్వా'తో కలపాలని ఎవరికైనా అనిపిస్తుంది. హ్రోజ్నీ కూడా అలాగే పోల్చాడు. నీళ్లు, తాగడం, ఎంత చక్కగా కుదిరింది! మొదటిసారి చదివినప్పుడు నేనూ నమ్మాను, ఒకచోట అలాగే రాశాను కూడా. తర్వాత క్లూక్‌హోర్స్ట్ తెరిచాను. పలకల మీద ఈ మాటలో క్ ఒక్కసారే కనబడుతుంది. ఆక్వాలోని క్వ పరుషం. రెండూ ఒకటే అయితే హిట్టైట్‌లో రెండు క్‌లు ఉండాలి. అందుకని ఆయన దీన్ని సరళమైన ఘ్వ లాంటి ధ్వనికి తీసుకెళ్లి, తాగి మత్తెక్కినవాడు అనే లాటిన్ 'ఏబ్రియుస్'తో కలుపుతాడు. అక్కుష్కె అని, మళ్లీ మళ్లీ తాగడం అనే రూపంలో మాత్రం రెండు క్‌లు వస్తాయి. దానికి పక్కనున్న ష్, క్‌ల ప్రభావమని వివరణ ఇస్తాడు. ఇక పుహ్వెల్ దగ్గర ఈ మాట మీద పలకల వాక్యాలు బోలెడు చదవొచ్చు. దేవుడి పేరు చెప్పి పాత్రలో పోసి తాగడం ఎంత ముఖ్యమైన క్రతువో అర్థమవుతుంది. ఒకాయన ధ్వని చూపించాడు, ఇంకొకాయన జీవితం చూపించాడు. షికాగో నిఘంటువులో ఈ మాట లేనే లేదు, అది ఎల్ అక్షరంతోనే మొదలవుతుంది కదా.

నా సలహా అడిగితే, సమయం తక్కువ ఉండి ఒక్కటే చూడగలిగితే క్లూక్‌హోర్స్ట్ చూడండి. రాసి పదిమందికి చెప్పాలనుకుంటే పుహ్వెల్ చూడకుండా రాయొద్దు.

ఇంకో మాట దగ్గర జాగ్రత్త. హిట్టైట్‌లో 'హస్తాయ్' ఉంది. చూడగానే హస్తం అనుకుంటాం. కాదు, ఎముక. సంస్కృత 'అస్థి', గ్రీకు 'ఒస్తెఒన్' దీని జ్ఞాతులు, మనం అస్థిపంజరం అనే మాటలో వాడుతున్నది అదే. సంస్కృతంలో, గ్రీకులో లేని ఆ మొదటి హ్ ఎక్కడిది? 1879లో సొస్యూర్ అనే యువకుడు, మూలభాషలో కొన్ని ధ్వనులు ఉండి తర్వాత అన్ని భాషల్లోనూ మాయమైపోయి ఉండాలని లెక్క కట్టి చెప్పాడు. అప్పటికి హత్తుస తవ్వనే లేదు. 1927లో పోలండ్ పండితుడు కురిలోవిచ్, ఆ ధ్వనులు ఉండాల్సిన చోటే హిట్టైట్‌లో హ్ ఉందని చూపించాడు. కాగితం మీద ఊహించిన ధ్వని మట్టిలోంచి బయటపడటం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం. మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూడా మూల ద్రావిడానికి అలాంటి ఒక కంఠ్య ధ్వనిని ప్రతిపాదించారు. దాని జాడలు మిగిలిన మాటల ఆధారంగా చేసిన ప్రతిపాదన అది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే పద్ధతి బాగా బోధపడుతుంది.

హిట్టైట్ కాని మాటలకు

లువియన్, లిసియన్, లిడియన్, కేరియన్, పలాయిక్ మాటలైతే పై పుస్తకాలు మీకు చాలవు. హిట్టైట్ మాట కింద పోలికకు ఇచ్చిన రూపాలుగా మాత్రమే అవి కనబడతాయి. వీటికి జర్మనీలోని మ్యూనిక్, మార్బుర్గ్ పండితులు కట్టిన 'ఎడియానా' అనే ఆన్‌లైన్ నిఘంటువు ఉంది. ఉచితం. మాట, పాఠంలో అది వచ్చిన చోట్లు, మూలం మూడూ ఒకేచోట. లిసియన్ ఒక్కదానికే కావాలంటే క్రెయిగ్ మెల్చర్ట్ 2004లో వేసిన చిన్న నిఘంటువు చేతిలో పట్టుకుని తిరగడానికి బాగుంటుంది.

ఒక్కోసారి హిట్టైట్ మాట కావాలన్నా ఎడియానాకే వెళ్లాల్సి వస్తుంది. కూతురు అనే మాట చూడండి. హత్తుస రాయసగాళ్లు దాన్ని సుమేరు గుర్తుతో రాసేవారు, నోటితో ఏమనేవారో ఆ గుర్తు చెప్పదు. లువియన్‌లో మాత్రం 'తువత్ర' అని అక్షరాల్లో ఉంది. లిసియాలో, అంటే టర్కీ నైరుతి తీరంలో, కొండరాళ్లలో తొలిచిన సమాధుల మీద 'క్బత్ర' అని ఉంది. సంస్కృతం 'దుహితృ', మన కావ్యాల్లోని 'దుహిత' వీటికి అక్కచెల్లెళ్లు. క్బత్ర, దుహిత ఒకటేనంటే నమ్మబుద్ధి కాదు కదా? లిసియన్‌లో త్వ, ద్వ లాంటి జంట హల్లు క్బ అయిపోతుంది. ద్వి కూడా అక్కడ 'క్బి' అయింది. మార్పు ఒక్క మాటలో కాకుండా ఇంకో మాటలో కూడా అలాగే జరిగిందని చూపగలిగితేనే అది మూలం అవుతుంది. చూపులకు దగ్గరగా ఉన్న అత్త, అత్తస్ చుట్టాలు కావు. చూపులకు పోలికే లేని క్బత్ర, దుహిత చుట్టాలు.

లిసియన్ చదవడానికి పెద్ద ఆసరా 1973లో క్సాంథోస్ దగ్గర లెతూన్‌లో దొరికిన మూడు భాషల శాసనం. లిసియన్, గ్రీకు, అరమాయిక్ మూడూ ఒకే రాతి మీద ఉన్నాయి.

అన్యదేశ్యాల సంగతి

మన వ్యాకరణాల్లో తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం అని మాటల్ని విడదీస్తాం. హిట్టైట్‌కు కూడా ఆ విభజన మనసులో పెట్టుకోండి, ఎందుకంటే క్లూక్‌హోర్స్ట్ పుస్తకం పేరులోనే 'వారసత్వ పదాలు' అని ఉంది. మూలభాష నుంచి వచ్చినవే ఆయన పని. హత్తిక్, హుర్రియన్, అక్కాడియన్ లాంటి పొరుగు భాషల నుంచి వచ్చిన మాటల కోసం ఆయన దగ్గరికి వెళ్లి, లేవని నిరాశపడొద్దు. వాటికి పుహ్వెల్. ఆయన చేరని టి అక్షరం లాంటివాటికి తిష్లర్. ఇందాక చెబుతానన్నది ఇదే.

తెలుగువాళ్లు, సంస్కృతం చదివినవాళ్లు తరచూ పొరపడే చోటు ఒకటి ఇక్కడుంది. హత్తుసలో కిక్కులి అనే, మితన్ని అనే పొరుగు రాజ్యపు గుర్రాల శిక్షకుడి పాఠం దొరికింది. అందులో గుర్రాలను తిప్పే చుట్లకు 'ఐకవర్తన్న', 'తేరవర్తన్న', 'పంజవర్తన్న', 'శత్తవర్తన్న', 'నావర్తన్న' అని పేర్లు. ఏక, త్రి, పంచ, సప్త, నవ, వర్తన అన్నీ వినబడుతున్నాయి. దీన్ని చూసి హిట్టైట్ సంస్కృతం నుంచి పుట్టిందనేస్తారు. కాదు. ఇవి ఇండో ఆర్యన్ మాటలే, కానీ మితన్ని గుర్రపువాళ్ల వృత్తి పదాలుగా అరువు వచ్చాయి. మనం స్టీరింగ్, గేర్ అన్నంత మాత్రాన తెలుగు ఇంగ్లిషు నుంచి పుట్టదు కదా. ఇలాంటి మాటలకు హిట్టైట్ వ్యుత్పత్తి నిఘంటువుల కంటే మాన్‌ఫ్రెడ్ మైర్‌హోఫర్ ప్రాచీన ఇండో ఆర్యన్ వ్యుత్పత్తి నిఘంటువు సరైన చోటు, అది కూడా జర్మన్‌లోనే ఉంది.

అరువు మాటల్లో నాకు బాగా ఇష్టమైనది 'తుప్పి'. హిట్టైట్‌లో మట్టి పలక అని అర్థం. అక్కాడియన్ 'తుప్పు' నుంచి వచ్చింది, దానికి సుమేరు 'దుబ్' మూలం. అదే మాట ఎలామైట్ మీదుగా ప్రాచీన పారశీకంలో 'దిపి' అయింది. వాయవ్యంలోని షాబాజ్‌గఢీ, మాన్సెహ్రా అశోక శాసనాల్లో 'దిపి' అనే ఉంటుంది, మిగతాచోట్ల 'లిపి'. మన లిపి అనే మాట ఈ దారినే వచ్చిందని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ధర్మలిపి అని చెక్కినప్పుడు అందులో సుమేరు మట్టి పలక ఉందన్నమాట. ఈ ప్రయాణం మొత్తం ఏ హిట్టైట్ నిఘంటువూ ఒక్కటే చూపదు. తుప్పికి తిష్లర్, అక్కాడియన్ వైపు షికాగో అస్సీరియన్ నిఘంటువు చూడాలి. రెండోదాని సంపుటాలన్నీ ఉచితంగానే దించుకోవచ్చు.

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టేవాళ్లు

విక్షనరీలో హిట్టైట్ మాటలు చాలానే ఉన్నాయి. అక్కడ మొదలుపెట్టడం తప్పు కాదు, అక్కడ ఆగిపోకండి. లైడెన్ సిద్ధాంత గ్రంథం, షికాగో సంపుటాలు, ఎడియానా మూడూ కంప్యూటర్‌లో పెట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా చాలా ప్రశ్నలకు దారి దొరుకుతుంది. పలక ఫోటో చూడాలనిపిస్తే మైంజ్ నగరం నుంచి నడిచే హిట్టైట్ అధ్యయనాల పోర్టల్ ఉంది. పలక నంబరు కొడితే ఎక్కడ దొరికిందో, ఎక్కడ అచ్చయిందో వస్తుంది, చాలావాటికి ఫోటోలు కూడా ఉన్నాయి. ఒక్కసారైనా చూడండి. ఎ-కు అని రాసిన చోట క్ నిజంగా ఒక్కటే ఉందా అని మీ కళ్లతో మీరే లెక్కపెట్టుకోవచ్చు.

మాటను నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు నాలుగు సంగతులు పక్కనే ఉండాలి: పలక మీద స్పెల్లింగ్, అది ఏ కాలపు పలక, ఏ పుస్తకం ఏ మూలం చెప్పింది, ఎవరు ఒప్పుకోలేదు. మూల రూపం ముందు చుక్క గుర్తు (*) మర్చిపోవద్దు. ఆ రూపం ఎక్కడా రాసి లేదు, పోల్చి కట్టింది అని ఆ చుక్కకు అర్థం.